బోద గడ్డి కోయని ఏడాది

గడ్డి కోయొద్దని చెప్పింది నేనే. ఇది ముందే చెప్పేయడం మంచిది. లేకపోతే తర్వాత జరిగినదంతా విన్నవాళ్ళు, పాపం ఆ పిల్లకేం తెలుసు అని నా మీద జాలిపడతారు. నాకు తెలుసని అనుకునే చెప్పాను. తెలియదని అర్థమయ్యాక కూడా కొన్నాళ్ళు నోరు మూసుకుని కూర్చున్నాను.

మాది ఉరవకొండ దగ్గర పల్లె. చుట్టూ వేరుశనగ చేలు, నీడకు నిలబడాలంటే వెతుక్కోవాల్సిన నేల. అలాంటి చోట పుట్టి బాటనీ చదివాను. చదువైన రెండేళ్ళకు కుందుర్పి వైపు కొండల మీద చెట్లు కొలిచే పని దొరికింది. కాంట్రాక్టు ఉద్యోగం. కొండ అడవిని ఏ విధంగా చూసుకుంటే అందులో ఎంత కార్బన్ నిలుస్తుందో లెక్కకట్టే పథకం అది. రాళ్ళు పాతి గుర్తుపెట్టిన గళ్ళలో ప్రతి మానుకూ రొమ్ము ఎత్తులో టేపు చుట్టి లావు రాయాలి. రాలిన ఆకునూ నిలిచిన గడ్డినీ కొంతమేర సేకరించి, ఎండబెట్టి తూచాలి. గుంత తీసి మట్టిని సంచులకెత్తి పరీక్షకు పంపాలి. ప్రతి ఏడూ అవే గళ్ళు, అవే మాన్లు.

నేను పుట్టు పిరికిదాన్ని. ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజే నాయన, "అది ఎలుగొడ్లు తిరిగే కొండంట గదమ్మా" అన్నాడు. ఆ మాట చెవిలో ఉండిపోయింది. మొదటి ఆరు నెలలూ ప్రతి పొద వెనకా ఒక ఎలుగుబంటి కూర్చుని ఉందనే అనుకున్నాను. టేపు చుడుతూ అంకె గట్టిగా అరిచేదాన్ని, రాయడానికి కాదు, దానికి వినబడాలని.

నాతో ఇద్దరు వచ్చేవాళ్ళు. ఒకరు ఆ కొండకు వాచర్, యాభై దాటిన మనిషి. నేను అన్నా అనేదాన్ని, ఆయన నన్ను మేడం అనేవాడు. రెండో మనిషి కొండ కింది పల్లెలో గడ్డి కోసే ఆడవాళ్ళకు పెద్ద. గుంతలు తవ్వడానికీ సంచులు మోయడానికీ ఆమెను పెట్టుకున్నాం. ఆమెను అత్తా అనేదాన్ని. ఆమె ఒక్కతే నన్ను మేడం అనలేదు. పాపా అనేది.

మొదటి రోజే అడిగింది. "ఏమి పాపా, మానుకు టేపు చుట్టి ఏం చూస్తాండావు?"

"చెట్టును కాలిస్తే ఏమొస్తాదత్తా?"

"బొగ్గు."

"ఆ బొగ్గు గాలిలో నుంచి వచ్చిందే. చెట్టు దాన్ని పీల్చుకోని కట్టెలో, వేర్లలో దాపెట్టుకుంటాది. ఆకు రాలి మట్టిలో కలిస్తే మట్టిలోనూ ఉంటాది. అది గాలిలో ఎక్కువైతే ఎండలు ముదురుతాయి. అందుకే కొండలో ఎంత ఉండాదో చూస్తాండాం."

ఆమె కొండను కిందినుంచి పైదాకా చూసింది. "ఇంత కొండను నువ్వొక్కదానివే కొలుస్తావా?" అంది. వెక్కిరింపో జాలో నాకు తెలియలేదు.

ఆ కొండకు రెండు ముఖాలు. తూర్పు వాలును పల్లెవాళ్ళు కలిసి ఇరవై ఏళ్ళుగా కాపాడుకుంటున్నారు. మేకల్ని రానివ్వరు. నరికిన మొద్దు నుంచి గుత్తిగా పిలకలు లేస్తే బలమైనది ఒకటి ఉంచి మిగతావి తీసేస్తారు. బోద గడ్డిని ప్రతి ఏడూ చలికాలంలో కోసి కప్పులకూ పశువులకూ వాడతారు. కొండ పాదం చుట్టూ ఒక బాటంత వెడల్పున గీకి నేల తేల్చుతారు. పడమటి వాలును ఎవరూ పట్టించుకోలేదు. గొడ్డలీ మేకలూ కలిసి దాన్ని గులకరాళ్ళు చేసి వదిలాయి. మొదటి ఏడాది గుంతలు తీసినప్పుడు పడమటి పక్క గడ్డపార మొన ఠంగుమంది. తూర్పు పక్క నారేపి మాను కింద మట్టిలో నా వేలు రెండు కణుపుల లోతుకు దిగింది. నల్లగా, మెత్తగా, చల్లగా ఉంది. మా నేల మీద అలాంటి మట్టి ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ సంతోషంలో ఉండగానే నన్ను పడమటి కనుమల్లో పది రోజుల శిక్షణకు పంపారు. అక్కడ కొండలు నీళ్ళు కారుతుంటాయి. అడుగు వేస్తే ఆకులోకి కాలు పరుపులోకి దిగినట్టు దిగుతుంది. మాకు చెప్పిన పాఠం ఒక్కటే. అడవి నేల మీద నుంచి ఏదీ తీయకండి, ఆకు గానీ గడ్డి గానీ విరిగిన కొమ్మ గానీ. అన్నీ కుళ్ళి మట్టవుతాయి, కార్బన్ పెరుగుతుంది. నోటు పుస్తకం నిండా రాసుకుని దిగాను.

వానలు మొదలయ్యే ముందు పల్లె బడి వసారాలో, కొండను చూసుకునే పల్లెవాళ్ళ సమితి మీటింగు జరిగింది. మా పై ఆఫీసరు సారు వచ్చాడు. నేను లేచి, ఈ ఏడు తూర్పు వాలున గడ్డి కోయకుండా వదిలేద్దామని, అదంతా మట్టిలో కలిస్తే కొండకు ఇంకా బలం వస్తుందని చెప్పాను. పాదం గీకడం కూడా ఆపమన్నాను. నేల గీకితే మట్టి కొట్టుకుపోతుందని కూడా శిక్షణలో రాసుకున్నాను కదా.

అత్త కూర్చున్న చోటినుంచే అంది. "కొయ్యకుంటే ఎండుతాది పాపా."

"ఎండి కుళ్ళుతాదత్తా."

"ఈడ ఏదీ కుళ్ళదు. ఎండుతాది, అంతే. ఎండిన గెడ్డి మానుకు మాను తగిలేటట్ల ఉంటే ఏమైతాదో నీకు తెలీదా?"

తెలుసు. కానీ సారు ముందు, అంతమంది ముందు, శిక్షణ నుంచి వచ్చిన నేను గడ్డి కోసే మనిషి మాటకు తగ్గడం ఎలాగో తెలియలేదు. "జాగ్రత్తగా చూసుకుంటామత్తా" అన్నాను. సారు, "ఒక్క ఏడాది చూద్దాంలెండి" అన్నాడు. వాచర్ అన్న నేల వైపు చూస్తూ ఉన్నాడు. పశువులకు మేత వేరే చోట ఇప్పిస్తామని ఒప్పించి తీర్మానం రాశారు.

ఆ ఏడు మా జిల్లాలో ఎప్పుడోగానీ పడని వానలు పడ్డాయి. బోద గడ్డి నా భుజాల దాకా లేచింది. పచ్చగా ఉన్నన్నాళ్ళు నా అంత గర్వపడ్డవాళ్ళు లేరు. గడ్డి తూచి, నిరుటి అంకె పక్కన ఈ ఏటి అంకె రాసి సారుకు పంపాను. మంచి పని చేశావని ఫోను చేశాడు.

పుష్యమాసంలో గడ్డి రంగు మారింది. మాఘం వచ్చేసరికి దాంట్లో నడుస్తుంటే పాత కాగితాలు నలిపినట్టు చప్పుడు. ఆకు రాలింది రాలినట్టే ఉంది. పైన గడ్డి, కింద ఆకు, మధ్యలో బందారు పొదలు. వేలితో ఆకును గీరి చూశాను. కుళ్ళిన వాసన లేదు. తడి లేదు. విరిస్తే పటుక్కుమంది.

ఒకరోజు మధ్యాహ్నం అన్నం తిన్నాక వాచర్ అన్న బీడీ కట్ట తీశాడు, చూశాడు, మళ్ళీ పంచె మడతలో దోపుకున్నాడు.

"ఏమన్నా, తాగవా?"

"ఈ ఏడాది కొండ మింద ముట్టను మేడం" అన్నాడు.

కొండ అంటుకుంటుందన్న భయం నాకు అప్పుడు పట్టుకుంది. ఎలుగుబంటి భయం నాకు అలవాటైంది, అది వస్తూ పోతూ ఉండేది. ఈ భయం పోలేదు. పొద్దున లేవగానే గది కిటికీలోంచి కొండ వైపు చూసేదాన్ని. చేల గట్ల మీద ఎవరు చెత్త కాల్చినా ఆరేదాకా అక్కడే నిలబడేదాన్ని. కొండ కింది రోడ్డు మీద ఆగిన ప్రతి లారీనీ అనుమానంగా చూసేదాన్ని. ఇంత భయపడుతూ కూడా రెండు వారాలు ఎవరికీ చెప్పలేదు. చెబితే, తప్పు చెప్పానని ఒప్పుకోవాలి. కాంట్రాక్టు పొడిగించే నెల అది.

చివరికి సారుకు ఫోను చేశాను. "గడ్డి బాగా ఎండింది సార్. కోయిద్దామా?"

"ఏడాది కొలతలు పూర్తి కానీ. మధ్యలో కోస్తే లెక్క చెడిపోతుంది. అవగానే కోయిద్దాం."

"సరే సార్" అన్నాను. భయంగా ఉందని చెప్పలేదు. ఆ ఒక్క ముక్క ఎందుకు చెప్పలేదో ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను. కొలతలు తొందరగా ముగించాలని మాత్రం రోజుకు రెండు గళ్ళు చేసేచోట మూడు చేయడం మొదలుపెట్టాను.

శివరాత్రి దాటిన వారం, చివరి గడి మిగిలింది. అది తూర్పు వాలులో దాదాపు కొండ తలకాయ దగ్గర. ముగ్గురం పొద్దున్నే ఎక్కాం. పదకొండు గంటలప్పుడు నేను మాను లావు చెబుతుంటే వాచర్ అన్న రాయడం ఆపాడు. ముక్కు ఎగబీల్చాడు.

"అగ్గి" అన్నాడు.

కింద, రోడ్డు పక్కన, సన్నటి పొగ. ఎవరు అంటించారో ఎవరికీ ఎప్పటికీ తెలియలేదు. నేను చూస్తుండగానే ఆ పొగ లావై పక్కలకు పాకింది. పాదం గీకి ఉంటే అది ఆ బాట దగ్గర ఆగేది. బాట లేదు. నేనే వద్దన్నాను. గాలి కిందినుంచి పైకి వీస్తోంది. మంట చప్పుడు నాకు అప్పటిదాకా తెలియదు. వర్షం వస్తున్నట్టే ఉంటుంది.

నేను పైకి పరుగెత్తాను. నాలుగడుగులు కూడా వేయలేదు, అత్త నా జడ పట్టుకుని లాగింది.

"పైకి పోతే నీకంటే ముందు అదే ఎక్కుతాది. బండ మిందికి రా."

పక్కన రెండెడ్ల బండి పట్టేంత పరుపు బండ ఉంది. ముగ్గురం దాని మీదికి చేరాం. అత్త కొడవలితో బండ అంచున ఉన్న గడ్డి నరికి దూరంగా విసిరేస్తోంది. నేనూ చేతులతో పీకాను. అరచేతులు కోసుకుపోతున్నా తెలియలేదు. ఇంతలో వాచర్ అన్న బండకు పై వైపు వంగి, అగ్గిపెట్టె తీసి గీశాడు.

"అన్నా! ఏం చేస్తాండావన్నా! ఉన్న మంట చాలదా?" అని అరిచి ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"చెయ్యి వదులు మేడం. మనకు పైనుండేది ముందే కాలిపోతే, కిందినుంచి వచ్చేదానికి తినేకి ఏమీ ఉండదు. మనం ఆ నల్లనేల మిందికి పోవల్ల."

ఆయన నన్ను తోసేసి ఇంకో పుల్ల గీశాడు. పై గడ్డి అంటుకుని కొండ తల వైపు ఒక్కసారిగా ఎగసింది. ఇప్పుడు మాకు కిందా మంట, పైనా మంట. ముఖం ఉడికిపోతోంది. అత్త సీసాలో నీళ్ళు నా చున్నీ మీద పోసి ముక్కుకు కట్టింది. అప్పుడే కింది పొగలోంచి ఒక నల్లటి ఆకారం వచ్చింది. ఎలుగుబంటి. వీపు మీద పిల్ల అతుక్కుని ఉంది. మాకు పది బారల దూరంలో, మా వైపు తలైనా తిప్పకుండా, పక్కవాటుగా ఉత్తరం వైపు దూకుతూ పోయింది. రెండేళ్ళు నేను భయపడింది దానికి. దానికి ఆ రోజు నేను కనబడనే లేదు.

"ఇప్పుడు!" అన్నాడు వాచర్ అన్న.

బండ దిగి, కాలిన నేల మీదికి పోవాలి. నేల ఇంకా పొగలు కక్కుతోంది. అక్కడక్కడా ఎర్రగా ఉంది. ఆయన దిగాడు. అత్త దిగింది. నేను దిగలేదు. కాళ్ళు కదలలేదు. వెనక వేడి వీపుకు తగులుతోంది, ముందుకు పడమని ఒళ్ళు చెబుతోంది, కాళ్ళు మాత్రం నావి కావు.

అత్త వెనక్కి వచ్చింది. నా నడుం పట్టి బండ మీద నుంచి ఈడ్చింది. ఆ ఈడ్చడంలో ఆమె ఎడమ కాలు ఒక మొద్దు తొర్రలోకి దిగబడింది. పైకి బూడిద, లోపల నిప్పు. "అమ్మా" అని ఒక్కసారి అంది, అంతే. ఆ కాలితోనే నన్ను ఇంకో పదడుగులు లాక్కుపోయి నేలకు బోర్లా తోసింది. ముగ్గురం మట్టికి ముఖాలు ఆనించి పడుకున్నాం. మంట బండ దాకా వచ్చి, రెండుగా చీలి మాకు అటూ ఇటూ పైకి పోయింది. అది ఎంతసేపో నాకు తెలియదు. అంతసేపూ నా చెయ్యి అత్త జుట్టు మీద ఉంది. ఆమె జుట్టు అంటుకుంటుందని నాకు భయం.

లేచేసరికి తూర్పు వాలు నల్లగా ఉంది. మంట కొండ తల దాటి పడమటి వైపు దిగి అక్కడ దానంతటదే ఆగిపోయింది. అక్కడ కాలడానికి ఏమీ లేదు. పల్లెవాళ్ళు కానుగ కొమ్మలు పట్టుకుని ఉత్తరం పక్కన కొట్టి ఆర్పారు. అత్తను పంచెలో ఉయ్యాల కట్టి దించి, ఆటోలో కళ్యాణదుర్గం ఆసుపత్రికి తీసుకుపోయాం. దారంతా ఆమె పాదం నా ఒళ్ళో ఉంది. నేను దానివైపు చూడలేకపోయాను.

నెల తర్వాత మళ్ళీ కొండెక్కమన్నారు. కాలిన గళ్ళలోనే తిరిగి కొలవాలి. సన్న మాన్లు చాలావరకు పోయాయి. ఆకూ గడ్డీ బూడిదై గాలికి పోయాయి. ఇరవై ఏళ్ళలో నిలిచిందాంట్లో ఎంతో ఒక పూటలో పొగైంది. గుంత తీశాను. పైన గోరంత మందాన మట్టి ఎర్రగా మాడి ఉంది. దాని కింద వేలు దిగింది. నల్లగా, మెత్తగా, అంతకుముందులాగే. ఒక వేరు కొసను గోటితో గీకితే తడి తగిలింది. అక్కడే కూర్చుని ఏడ్చాను. వాచర్ అన్న అటు తిరిగి నిలబడ్డాడు.

ఆ వారమే మీటింగు. నిజం చెప్పాలంటే మంట కంటే ఆ మీటింగుకే ఎక్కువ భయపడ్డాను. ఊరికి పారిపోదామని సంచి కూడా సర్దుకున్నాను. నాయనకు ఫోను చేస్తే, "పోయి చెప్పుమ్మా. చెప్పినాక రా" అన్నాడు. వెళ్ళాను. గడ్డి కోయొద్దన్నది నా మాట, పాదం గీకొద్దన్నది నా మాట, ఎండిందని తెలిసి రెండు వారాలు చెప్పకుండా ఉన్నది కూడా నేనే అని చెప్పాను. సారు ముఖం ఎర్రబడింది.

వెనకనుంచి ఒక పెద్దాయన లేచాడు. "మీ చదువులు నేర్చుకునేకి మా కొండే దొరికిందా తల్లీ? ఆ మాన్లను నా చేత్తో కాపాడినాను. నువ్వు పుట్టకముందు."

నిలబడే ఉన్నాను. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. అత్తను ఆ రోజే ఆసుపత్రి నుంచి తెచ్చారు. వసారా అంచున వేసిన నులక మంచం మీద, కట్టు కట్టిన కాలు చాపుకుని ఉంది.

"ఏమప్పా, ఒప్పుకున్నాది గదా" అంది. "ఇంగ అరిచి ఏం ఫలం? గెడ్డి మాట మాట్లాడండి. వచ్చే ఏడు ఎప్పుడు కోస్తాం, ఎవరు కోస్తారు, అది చెప్పండి."

ఆమె నన్ను క్షమించిందని అనుకోను. ఆ తర్వాత కూడా ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు, నేనూ అడగలేదు.

ఆ రోజు కుదిరిన పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. మార్గశిరంలో గడ్డి కోయడం, పాదం చుట్టూ బాట గీకడం, పెద్ద మాన్ల మొదళ్ళ దగ్గర ఆకును మాత్రం కదపకుండా వదలడం. మోళ్ళ నుంచి లేచిన పిలకల్లో దేన్ని ఉంచాలో, దేన్ని తీయాలో వాచర్ అన్న నాకు నేర్పాడు. నేను రాసిన నివేదికలో, తడి కొండకు రాసిన పాఠం ఎండు కొండకు పనికిరాదని, ఇక్కడ గడ్డి కోయడమే కార్బన్‌ను కాపాడటమని రాశాను. దాన్ని ఎవరు చదివారో తెలియదు. నా కాంట్రాక్టు పొడిగించారు. సారు బదిలీ అయ్యాడు.

నాకు భయం తగ్గలేదు. మాఘం వస్తే ఇప్పటికీ ముద్ద సరిగా దిగదు. కాకపోతే ఇప్పుడు భయమేసిన వెంటనే, అది పిచ్చిదైనా సరే, ఎవరో ఒకరికి చెప్పేస్తాను.

పోయిన చలికాలం గడ్డి కోతకు అత్త కూడా కొండెక్కింది. ఎడమ కాలు ఈడుస్తూ, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా. మొదలు మాడి బతికిన ఒక నారేపికి నేను టేపు చుడుతుంటే దగ్గరకొచ్చి ఆగింది.

"లావైనాదా?"

టేపు రెండుసార్లు చూశాను. "లేదత్తా. పోయినేడు మాదిరే ఉండాది."

"ఉండనీలే" అని, కొంగు నడుముకు బిగించి గడ్డిలోకి వంగింది.